కుటుంబగాథల ప్రామాణ్యము: ఖడ్గతిక్కన కథావిమర్శనము

మన సారస్వతచరిత్రమునకు ఆధారములను లెక్కించునపుడు శాసనములను మొదటను, కృత్యవతారికలను పిమ్మటను నిలిపి, ఇండ్లలో తాతనుండి మనుమనికి సంక్రమించుచు వచ్చిన గాథలను కడపట నుంచుట వాడుక. కొందఱు వానిని కట్టుకథలని త్రోసివేయుదురు. మఱికొందఱు పెద్దలు చెప్పిన మాట గాన సత్యమే యని తలదాల్తురు. ఈ రెండు వైఖరులకును మూలము ఒక్కటే. "ఇది జరిగినదా, లేదా?" యని మాత్రమే అడుగుచున్నారు. "దీనిని ఏ యింటివారు, ఏ సందర్భమున, ఎవరి గౌరవమునకై నిలుపుకొనిరి?" అని యడుగుట లేదు. ఈ రెండవ ప్రశ్నను ముందుగా వేసినగాని మొదటిదానికి సమాధానము దొరకదు. గుంటూరితోను పాలేటి ప్రాంతముతోను సంబంధము గల కొట్టరువువారి వంశగాథలను తీసికొని ఈ విషయమును పరిశీలింతము.

తిక్కనసోమయాజి నిర్వచనోత్తరరామాయణమున తన పితామహుడు మంత్రిభాస్కరుని గుంటూరి ప్రభువుగాను, కవితారసజ్ఞుడుగాను స్మరించినాడు. తన కృతిగుణముల మాట యటుండ, అట్టి తాతకు మనుమడనైనందుననే లోకము తన్నాదరించునని వినయము చూపినాడు. అవతారికలో ఇంతకుమించి లేదు. కాని యీ చిన్నమాటనుండి యెంత పెద్దవాదము పెరిగినదో పండితు లెఱుగుదురు. భాస్కరరామాయణమునకు పేరిచ్చిన భాస్కరుడు ఈ గుంటూరి మంత్రియే యని కొందఱును, కాదు హుళక్కి భాస్కరుడని మఱికొందఱును చిరకాలము పోరాడిరి. తాత పూర్వకాండములను రచించెను గనుకనే మనుమడు ఉత్తరకాండమునకు పూనుకొనెనని మొదటివారి యూహ. తాత రామాయణమే రచించి యుండినయెడల, రామకథను చేపట్టిన మనుమడు ఆ సంగతి చెప్పకుండునా యని రెండవవారి ప్రశ్న. రెండుపక్షములకును ఆధారము ఒక్కపద్యమే. మనుమడు తాతయెడల చూపిన మన్ననను గ్రంథకర్తృత్వమునకు సాక్ష్యముగా పిండుట వలన వచ్చిన చిక్కు ఇది. వంశస్తుతి వంశగౌరవమునకు సాక్ష్యము, గ్రంథములపట్టిక కాదు. రెండవపక్షమువారి ప్రశ్నయే బలవత్తరముగా నున్నది. ఏలయన అది పద్యమునకు లేని భారమును దానిపై మోపుట లేదు.

ఇక అవతారికలకు లొంగని కథ యొకటి గలదు. భాస్కరుని కొడుకులలో సిద్ధన యొకడు. సిద్ధన కుమారుడు, సోమయాజికి పెదతండ్రి కొడుకు, ఖడ్గతిక్కన. కాటమరాజుతోడి యుద్ధమున సేన నశింపగా ఇతడు ఇంటికి మరలివచ్చెనట. భార్య స్నానమునకు నీరు పెట్టి, మంచము చాటుచేసి, పసుపుముద్ద నుంచినది. ఇంట ఇద్దఱాడువారము, నీతో మువ్వురమైతిమని ఆ చేష్టకు తాత్పర్యము. తల్లి విరిగిన పాలు వడ్డించి, విరుగుట యను మాటను సేనకును పాలకును సమముగా అన్వయించినది. అతడు మరలి పోయి పోరి మడిసెను. సోమయాజి వంశమును దశకుమారచరిత్రమున కేతన వర్ణించినను, ఈ పసుపుముద్దకు ఆధారము చాటుపద్యములే. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి చాటుపద్యమణిమంజరి 1913లో వెలువడిన పిమ్మట చాటువులకు గ్రంథస్థితి కలిగినది గాని, అంతకు పూర్వము వానికి నిలయము పండితుల నాలుకయే.

ఈ కథను విడదీసి చూడవలెను. విరిగిన పాల ఘట్టము ఒక క్రియాపదముపై నిలిచినది. తెలుగున సేనయు విరుగును, పాలును విరుగును. ఆ శ్లేష లేనిచో ఆ ఘట్టమే లేదు. ఒక మాటకొఱకు పుట్టిన సన్నివేశము కవికల్పితమని అనుమానించుట న్యాయము. కాని తిక్కన యుద్ధమునుండి మరలివచ్చెనను అంశమునకు శ్లేషతో పనిలేదు. అంతేకాదు, అది వంశమునకు అపకీర్తి. కీర్తికై కథ కల్పించువాడు వెన్నిచ్చినవానిని కల్పింపడు. తమ పరువునకు విరుద్ధమైన దానిని ఒక యింటివారు విడువక చెప్పుకొనుచున్నచో, దానికి హెచ్చు విలువ నీయవలెను.

దీనిపై ఒక ఆక్షేపణ రాగలదు. ఆ అపకీర్తి భార్యయొక్కయు, తల్లియొక్కయు పౌరుషమును, తుదకు వీరమరణమును ప్రకాశింపజేయుటకై పెట్టిన చీకటియే గదా యని. ఇది త్రోసివేయదగినది కాదు. కావున మరలివచ్చుట నిశ్చయమనరాదు. పాలఘట్టముకంటె నమ్మదగినదని మాత్రమే యనవలెను. విమర్శకుడు ఒక కథలోనే అంశాంశమునకును తరతమభేదము చూపగలుగుట చాలును.

ఎదుటిపక్షపు ఇండ్లలోను ఈ యుద్ధమే నిలిచియున్నది. కాటమరాజుకథను కొమ్మువారు గొల్లలయెదుట పాడుదురు. అందు రాజు పేరు మనుమసిద్ధి కాదు, నల్లసిద్ధి. పచ్చికబీళ్లకు పుల్లరిగా కోడెదూడల నిత్తుమన్న ఒడంబడిక, రాజు ఉంపుడుకత్తె పెంచిన చిలుక చచ్చుట, ఆవులను చంపించుట, పుల్లరి నిరాకరించుట, పాలేటియొడ్డున పంచలింగాలకడ పోరు: ఇవి ఆ కథకు మెట్లు. చాటుపద్యములలో యుద్ధకారణము చెప్పబడదు. మంత్రిగారి యింటికి మానావమానములే ముఖ్యము. పసులకాపరుల యింటికి మేతయు, మాటతప్పుటయు ముఖ్యము. ఒక సంఘటనమును రెండు కులములవారు తమతమ బ్రదుకునకు ఆయువుపట్టైన చోట పట్టుకొనిరి. ఈ రెండును కలిసిన చోటు, అనగా నెల్లూరి సిద్ధిరాజునకును కాటమరాజునకును పోరు జరిగినదనియు, తిక్కన అందు కూలెననియు చెప్పు భాగము, మిక్కిలి బలమైన సాక్ష్యము. పరస్పరము శత్రువులైన రెండిండ్లు కూడబలుకుకొని అబద్ధమాడుట యరుదు.

గాథకు వినువారును ఒక కట్టుబాటే. ఇందుకు పల్నాటిలో తార్కాణము కలదు. కారెంపూడిలో కార్తిక అమావాస్య మొదలు ఐదుదినములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో వీరారాధనము జరుగును. వీరుల యాయుధములను వంశపారంపర్యముగా కాపాడు ఆచారవంతులు ఊరూరినుండి వానిని తెత్తురు. వీరవిద్యావంతులు కథ పాడుదురు. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిన శ్రీనాథుని ద్విపద ప్రధానముగా బాలచంద్రుని యుద్ధమునకు చెందినది. 1974లో అలిసెట్టి గాలెయ్య పాడగా జీన్ రోఘేర్ నమోదుచేసి 1982లో ఆంగ్లమున ప్రకటించిన కథ యంతకంటె చాల విస్తృతము. కవి తన కావ్యమునకు కావలసిన వీరుని ఎన్నుకొనవచ్చును. గాయకునకు ఆ స్వేచ్ఛ తక్కువ. ఏ వీరుని విడిచినను అతని యాయుధము మోసికొనివచ్చిన యింటివారు ఎదుటనే యుందురు. ఆ కారణముచేతనే వారి పూర్వునిగూర్చి చెడుగా పలుకుటయు అతనికి కష్టము. కావున ఇట్టి పాటలు పేర్లకు మంచి సాక్ష్యములు. గుణదోషములకు అంత మంచివి కావు.

కైఫియత్తుల విషయమున కూడ ఈ యెచ్చరిక వర్తించును. కర్నల్ మెకంజీ పరిజనులు గ్రామములలో వ్రాయించుకొన్న వానిలో కరణముల మాటయే హెచ్చు. మిరాసీహక్కు కల కరణము తన వంశముయొక్క ప్రాచీనతను చెప్పునపుడు ఆ మాటయందు అతనికి లాభము కలదని మఱవరాదు. అదే కరణము చెఱువు గండిపడుటను గూర్చియో, కాటకమున ఊరు పాడైన విధమును గూర్చియో చెప్పునపుడు ఆ శంకకు తావు తక్కువ.

గుంటూరు, ప్రకాశము మండలములందలి ప్రత్తి మిరప సీమలలో నేటికిని ఇట్టి గాథలు ముదుసలుల నోట నున్నవి. పిల్లలు పట్టణములకును దూరదేశములకును చేరినకొలది వినువారు కఱవగుచున్నారు. పాఠశాలా పండితులు వీనిని సేకరింప బూనినచో రెండు నియమములు పాటింపవలెను. చెప్పినవారు కథానాయకునకు ఏమగుదురో, పెండ్లిలోనో తద్దినమునాడో దాయాదుల తగవులోనో ఎప్పుడు దానిని చెప్పుకొందురో కథతోపాటు వ్రాయవలెను. రెండిండ్లలో రెండు విధములుగా వినబడినచో రెంటిని కలిపి చక్కనికథగా దిద్దక, దేనికది యుంచవలెను. పుట్టింటివారు చెప్పునది, మెట్టినింటివారు చెప్పునది వేఱువేఱుగా నున్నచో ఆ భేదమే పరిశోధకునకు పనికివచ్చును. మనుమసిద్ధిని నల్లసిద్ధిగా దిద్దిన నాడు ఒక సాక్షిని పోగొట్టుకొన్నవారమగుదుము.