ఓడ పట్టీలో ఊరి పేరు

దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లిన మనిషి గురించి ఆనాటి దొరతనం ఒక్క వరుసలో చాలానే రాసుకుంది. కలోనియల్ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చో పాత గాయమో, ఎక్కిన ఓడ, దిగిన తేదీ. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911లో కూలి ఒప్పందం మీద జనాన్ని పంపడం ఆగిపోయేదాకా 1,52,184 మంది ఆ ఓడ పట్టీల్లోకి ఎక్కారు. మూడింట రెండొంతుల మంది మద్రాసులో ఓడెక్కినవాళ్లే. వాళ్లలో అరవవాళ్లతో పాటు చిత్తూరు, నెల్లూరు, గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల తెలుగువాళ్లూ ఉన్నారు.

అదే మనిషి గురించి, అతను పుట్టిన ఊళ్లో ఏ కాగితం ఉంది? చాలాసార్లు ఏదీ ఉండదు. సముద్రం దాటి, ఇంకొకడి తోటలో అయిదేళ్లు చెరకు నరకడానికి ఒప్పుకున్నందుకే అతని పేరు, తండ్రి పేరు, కాలి మీద మచ్చతో సహా పుస్తకంలోకి చేరాయి. వెళ్లకుండా ఊళ్లోనే బతికి చచ్చిపోయిన అతని అన్నదమ్ములకు ఆ పాటి రాత కూడా లేదు. ఈ పనిలో దిగాక నన్ను ఎక్కువగా బాధపెట్టిన సంగతి ఇదే.

పని అంటే, దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అప్పుడప్పుడూ రాసి పంపే కాగితాలు చూసి, వాళ్ల ముత్తాతది ఏ ఊరో ఈ వైపు నుంచి వెతకడం. ఉత్తరాంధ్రలో పుట్టి పెరిగినవాణ్ని కాబట్టి ఇక్కడి ఊళ్లూ పేర్లూ మాటతీరూ నాకు కొంత పట్టుబడ్డాయి. ఆ కొంతే ఈ పనికి పెట్టుబడి.

వెతుకులాట ఎప్పుడూ చావు నుంచే మొదలుపెట్టమంటాను. పుట్టుక కాగితం దొరకదు, చావు కాగితం దొరుకుతుంది. దక్షిణాఫ్రికాలో మనిషి పోయాక ఆస్తి వ్యవహారం తేల్చడానికి మరణ ప్రకటన అనే ఒక పత్రం నింపేవారు. పోయినవాడి పేరు, పుట్టిన చోటు, తల్లిదండ్రులు, భార్య, పిల్లలు, అన్నీ అందులో అడుగుతారు. నింపినవాడు ఎక్కువగా కొడుకే అయి ఉంటాడు. నాన్న ఎక్కడ పుట్టాడంటే అతనికి తెలిసినంత చెప్పి ఉంటాడు: ‘ఇండియా’, లేకపోతే ‘మద్రాసు’. ఈ రెండో మాట చూసి ఎన్నో కుటుంబాలు చెన్నపట్నం వెళ్లి వీధులు వెతికాయి. ఆ మద్రాసు ఊరు అయ్యే అవకాశం తక్కువ. తండ్రి ఓడెక్కిన రేవు పేరైనా అయి ఉంటుంది, శ్రీకాకుళం దాటి బరంపురం దాకా పరుచుకున్న ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీ పేరైనా అయి ఉంటుంది.

కాబట్టి ఆ గడి మీద నేను ఎక్కువ ఆశ పెట్టుకోను. నేను చూసేది కలోనియల్ నంబరు. కూలి ఒప్పందం మీద వచ్చినవాడికి నాటాల్లో ఆ నంబరు బతికినంత కాలం వెంట ఉండేది. పెళ్లి నమోదు కాగితంలోనూ, పిల్లల పుట్టుక కాగితంలోనూ, మరణం నమోదులోనూ దాన్ని రాసేవారు. మనిషిని అంకెగా మార్చిన ఆ పద్ధతి మీద నాకున్న కోపం పోదు. అయినా ఈ రోజు అతని మునిమనవరాలికి దారి చూపించేది ఆ అంకె ఒక్కటే. అది దొరికితే డర్బన్‌లో క్వాజులు నాటాల్ విశ్వవిద్యాలయం వారి గాంధీ లుతులి కేంద్రంలో ఉన్న ఓడ పట్టీల్లో అతని వరుస దగ్గరికి తిన్నగా వెళ్లవచ్చు.

సమాధుల దగ్గర వెతికేవాళ్లకు కష్టం ఎక్కువ. డర్బన్ నడిబొడ్డున బ్రూక్ స్ట్రీట్‌లో పాత శ్మశానవాటిక ఉంది, రాళ్లున్న చోట పేర్లు చదువుకోవచ్చు. తోటల్లో పోయినవాళ్లకు రాయి పెట్టిందెవరు? చెరకు చేల పక్కన పూడ్చిన చోట్లు తరవాత ఆ చేలల్లోనే కలిసిపోయాయని వాళ్ల వాళ్లే చెబుతారు. దాని మీద, జాతిని బట్టి ఎవరెక్కడ ఉండాలో తేల్చే 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చిపడింది. డర్బన్ పురపాలకంలో పనిచేసే తెలుగు, అరవ కుటుంబాలు తరాలుగా ఉన్న మ్యాగజీన్ బ్యారక్స్ ఖాళీ అయింది, జనాన్ని చాట్స్‌వర్త్‌కు తరలించారు. ఇల్లు మారినప్పుడు ముందు పోయేది ట్రంకుపెట్టెలో అడుగున ఉన్న కాగితాలే. ఇంట్లో ఏమీ మిగల్లేదని ఎవరైనా రాస్తే, మీవాళ్లు అజాగ్రత్తగా పారేశారని నేనెప్పుడూ అనుకోను.

ఇక పట్టీలో వరుస దొరికిందనుకుందాం. అసలు పని అప్పుడే మొదలు.

గుమాస్తా రాసింది తాను విన్నది. చెప్పినవాడిది తెలుగు, రాసినవాడి చెవి అరవమో ఇంగ్లిషో. చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం అంటే భీమునిపట్నం, కొకనాడ అంటే కాకినాడ. ఇవి పెద్ద ఊళ్లు, తేలిగ్గా పోల్చుకోవచ్చు. పల్లెల పేర్లకు వచ్చేసరికి కాగితం మీది అక్షరాలను కళ్లతో చదివితే లాభం లేదు. పైకి, గట్టిగా, మా వైపు యాసలో నాలుగైదు రకాలుగా పలికి చూడాలి. ఒక్కోసారి నోరు చెప్పింది చెవి పట్టుకుంటుంది.

జిల్లా పేరు కూడా మోసం చేస్తుంది. పట్టీలో ‘గంజాం’ అని చూసి ఒరిస్సా అనుకుని ఊరుకున్న కుటుంబాలున్నాయి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి గంజాం జిల్లాలోవే. శ్రీకాకుళం జిల్లా అన్నది 1950లో గానీ పుట్టలేదు, విజయనగరం జిల్లా 1979లో. అలాగే ‘నార్త్ ఆర్కాట్’ అని ఉంటే వెల్లూరు వైపు అరవవాళ్లని తేల్చేయకూడదు. చిత్తూరు, చంద్రగిరి 1911 దాకా ఆ జిల్లాలోవే. 2022లో మళ్లీ కొత్త జిల్లాలు వచ్చాయి. అందుకే జిల్లాని పక్కన పెట్టి తాలూకాని పట్టుకోమంటాను. తాలూకా కేంద్రం అంత తొందరగా చోటు మారదు.

తాలూకా గడి ఖాళీగా ఉంటే? అప్పుడు మనిషి పేరే కొంత చెబుతుంది. మనవాళ్లు పిల్లలకు దగ్గరి దేవుడి పేరు పెట్టుకుంటారు. అప్పన్న, అప్పలస్వామి, సింహాచలం అంటే సింహాద్రి అప్పన్న కొండ చుట్టుపక్కల వెతకాలి. పైడితల్లి, పైడయ్య అంటే విజయనగరం. నూకాలు, నూకమ్మ, నూకరాజు అంటే అనకాపల్లి నూకాంబిక. పెంచలయ్య అంటే నెల్లూరు పెంచలకోన. మునెమ్మ, మునస్వామి అంటే చిత్తూరు సీమ. ఇది రుజువు కింద నిలబడదు, ఏ వైపు బయల్దేరాలో చెబుతుందంతే. అయినా నాటాల్లో ఇవాళ్టికీ అప్పల్రాజు, అప్పల్సామి అన్న పేర్లు ఇంటిపేర్లుగా నడుస్తున్నాయని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కొండ మీద దేవుడు అక్కడిదాకా వెళ్లాడు.

అసలు ఇంటిపేరు మాత్రం వెళ్లలేదు. పట్టీలో దానికి గడి లేదు. ఉన్నది పేరు, తండ్రి పేరు, కులం. రెండో తరానికి ఇంగ్లిషువాళ్ల పద్ధతిలో ఒక ఇంటిపేరు కావలసి వచ్చేసరికి కొందరికి తండ్రి పేరు, కొందరికి పేరు చివర ఉన్న నాయుడు, రెడ్డి, చెట్టి ఇంటిపేర్లయి కూర్చున్నాయి. కులం ఏదైనా నాయుడూ అని రాయించుకున్నవాళ్లూ ఉన్నారు, అందుకు వాళ్లను తప్పుపట్టడానికి నేనెవరిని? కానీ ఇక్కడి పల్లెలో అడుగుపెట్టగానే రచ్చబండ మీది ముసలాయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: “మీ ఇంటిపేరేటమ్మా?” నాలుగు తరాల తరవాత అక్కడి నుంచి ఊరు వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయి నా మొహం చూస్తుంది.

ఈ వైపు కాగితాల సంగతి చెబుతాను. రైతువారీ సీమల్లో, అంటే నెల్లూరు, కడప వంటి చోట్ల, సర్కారు సెటిల్మెంటు చేసినప్పుడు ఎవరి భూమి ఎంతో పేర్లతో రిజిస్టర్లు రాశారు. మా వైపు చాలా మటుకు విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీలు. శిస్తు సర్కారుకు కట్టేది జమీందారు, రైతు లెక్క ఆ జమీందారు కచేరీ దస్త్రాల్లో ఉండేది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే ఇక్కడి రైతుల పేర్లు సర్కారు సెటిల్మెంటు రిజిస్టర్లకు ఎక్కాయి. అంతకు ముందు 1890ల్లో వెళ్లిపోయినవాడు అందులో ఎలా ఉంటాడు? పైగా వెళ్లినవాళ్లలో ఎక్కువమందికి సెంటు భూమి లేదు. జనన మరణాల నమోదుకు 1899లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది, గ్రామ మునసబు ఆ పుస్తకం రాసేవాడు. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాక ఆ పాత పుస్తకాల జాడ అడిగితే నాకు ఊరికో జవాబు వచ్చింది.

శ్మశానానికి వెళ్లినా ఇంతే. మా వైపు చాలా కులాలవాళ్లు పూడుస్తారు. చెరువు గట్టు వారనో గెడ్డ ఒడ్డునో ఒక్కో కులానికి ఒక్కో చోటు. ఉన్నవాళ్లు ఇటుకలతో సమాధి కడతారు, లేనివాళ్లది రెండు వర్షాలకు నేలలో కలుస్తుంది. ఎవరిది ఎక్కడో ఆ ఇంటివాళ్లకు తెలుస్తుంది, వాళ్ల పిల్లలకు కొంత తెలుస్తుంది.

కాబట్టి పల్లెలో నేను కాగితం అడగడం తగ్గించాను. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఎవరెవరి పేర్లు తలుస్తారని అడుగుతాను. మా వైపు అది పెద్దల పండగ. ఇంట్లో ముసలమ్మ తలిచే ఆ వరుసలో తాత, ముత్తాత, చిన్నతనంలో పోయిన బిడ్డ, అందరూ ఉంటారు. ఒక్కోచోట “ఓడెక్కీసిన చిన్నతాత” అని కూడా ఒకరుంటారు. వెళ్లినవాడు మళ్లీ కబురు పంపకపోతే పోయినట్టే లెక్కగట్టి ఆయన పేర కూడా ఒక పంచె పెడతారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను అక్కడి నుంచి లేవలేకపోయాను. ఇంతకాలం సర్కారు పుస్తకాల్లో వెతికిన మనిషి, ఏటా ఆ అరుగు మీద పంచె అందుకుంటూనే ఉన్నాడు. రెడ్లకు, కమ్మవారికి వంశావళి చెప్పే పిచ్చుకుంట్లవాళ్లున్నారు, మాదిగలకు డక్కలివాళ్లున్నారు. ఆ వృత్తులు ఆగిపోతున్న చోట ఈ పండగపూట పేర్లే ఆధారం.

ఓడ దిగిన సంవత్సరం కూడా మాట్లాడుతుంది. నాటాల్‌కు కూలీల్ని పంపడం 1866 నుంచి 1874 దాకా ఆగిపోయింది. మళ్లీ మొదలయ్యాక కొద్దికాలానికే 1876-78 నాటి పెద్ద కరువు రాయలసీమనూ నెల్లూరునూ ఊడ్చేసింది. గంజాంలో 1889లో, విశాఖ వైపు 1896-97లో కరువు. ఓడ తేదీ పక్కన కరువు తేదీ పెట్టి చూపిస్తే, ‘మా తాత ఎందుకు వెళ్లాడు’ అని అడిగినవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఒక విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. అంత దూరం నుంచి వచ్చినవాళ్లను నిరాశపరచకూడదని, కులమూ ఊరూ సరిపోతే చాలు, ఫలానా ఇంటివాళ్లు మీ దాయాదులని చూపించేవాళ్లున్నారు. ఫొటోలు దిగుతారు, చీరా సారే పెడతారు, కన్నీళ్లు కూడా నిజమైనవే. నేనా పని చేయను. ఊరిదాకా రుజువుంటే ఊరే చూపిస్తాను, తాలూకాదాకా ఉంటే తాలూకా. ఇల్లు తెలియకపోతే తెలియలేదంటాను. తండ్రి పేరు, ఆ తరం, ఊళ్లోవాళ్ల జ్ఞాపకంలో వెళ్లిపోయిన మనిషి, ఈ మూడూ కలిస్తేనే గడప చూపించాలి. తప్పు గడప చూపిస్తే రేపు వాళ్ల పిల్లలు ఆ ఇంటిపేరే రాసుకుంటారు, తరవాత వెతికేవాడికి ఇక దారి ఉండదు. పోయినవాడికి ఒకసారి అన్యాయం జరిగింది, రెండోసారి మన చేతుల మీదుగా జరగకూడదు.

నాటాల్ వెళ్లినవాళ్లకు ఆ ఒక్క వరుసైనా ఉంది. ‘రంగం’, అంటే రంగూన్, వెళ్లినవాళ్లకు అదీ లేదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి రంగూన్ వెళ్లడం పరదేశం వెళ్లడం కింద రాలేదు. మేస్త్రీ ఇచ్చిన బయానా తీసుకుని కాకినాడలోనో విశాఖలోనో ఓడెక్కినవాడికి పాసు లేదు, నంబరు లేదు, ఎత్తు కొలిచినవాడు లేడు. మా జిల్లాల్లో రంగం వెళ్లిన మనిషి లేని పల్లెని నేను చూడలేదు. మీ ఇంట్లో అలా వెళ్లి తిరిగిరాని వాళ్లుంటే, ఇంట్లో పెద్దావిడ ఉండగానే అడిగి రాసిపెట్టండి: పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు, ఎవరితో వెళ్లాడు, ఏ కరువుకో ఏ గాలివానకో వెళ్లాడు. ఏళ్లు తెలియకపోయినా ఫరవాలేదు, గాలివానల తేదీలు నేను వెతుక్కోగలను. ఒక కాపీ నాకు కూడా పంపండి. ఈ వారం నా దగ్గరున్న వరుసలో ఊరి పేరు కొత్తవలస అని ఉంది, తాలూకా గడి ఖాళీ. కొత్తవలసలు మాకు ఒకటి కాదు, తండ్రి పేరు పైడయ్య. విజయనగరానికి దగ్గరగా ఉన్నదాంతో మొదలుపెడుతున్నాను.