రాగి ఒకటే, రంగులు రెండు

ఇస్లామిక్ కళ అనగానే మాకు చూపించేవి మసీదు గుమ్మటాలు, నవాబుల మహళ్లు, బంగారు సిరాతో రాసిన ఖురాన్ ప్రతులు. చేయించినవాడి పేరు చరిత్రకెక్కుతుంది. చేసినవాడి పేరు చాలాసార్లు మట్టిలోనే పోతుంది. మరి కుమ్మరి చేసిన పళ్లెం ఈ లెక్కలో ఎక్కడుంది? ఈ ప్రశ్నే మమ్మల్ని ఇస్తాలిఫ్ కుండల దగ్గరికి తీసుకెళ్లింది.

ఇస్తాలిఫ్ అఫ్ఘానిస్తాన్‌లో, కాబూల్‌కి ఉత్తరాన కొండవాలు మీదున్న ఊరు. అక్కడి కుమ్మరులు కాలితో తన్ని తిప్పే సారెమీద పళ్లేలు, గిన్నెలు, కూజాలు చేస్తారు. తెల్లమట్టి పూసి, దానిమీద పువ్వులూ తీగలూ గీకుతారు. ఆ పైన గాజుపూత. ఇష్కార్ అనే మొక్కని కాల్చి తీసిన బూడిదలో పలుగురాతి పొడి, కాస్త రాగి కలిపి పూస్తే ఆవంలో ఫిరోజా నీలం తేలుతుంది. అదే రాగిని సీసం పూతలో కలిపితే ఆకుపచ్చ వస్తుంది. రాగి మారలేదు. అది దేంతో కలిసిందో అదే మారింది.

మమ్మల్ని చూసేవాళ్లు ఈ చిన్న సంగతి మర్చిపోతారు. ముస్లిం అంటే ఒకటే రంగు, అదీ ఆకుపచ్చే అనుకుంటారు. మాలోని పెద్దమనుషులకీ ఆ అబద్ధమే హాయి. మేమంతా ఒకటే రంగైతే మా లోపలి మెట్లు ఎవరికీ కనపడవు కదా!

ఇస్తాలిఫ్ కుమ్మరులు తమ వంశాన్ని బుఖారా సూఫీ అమీర్ కులాల్‌తో కలుపుకుంటారు. నఖ్ష్‌బందీ మార్గానికి పేరిచ్చిన బహావుద్దీన్‌కి ఆయన గురువు. పద్నాలుగో శతాబ్దం మనిషి. ఫార్సీలో కులాల్ అంటే కుమ్మరి. సంస్కృతంలోనూ కుమ్మరి కులాలుడే. ఆయన్ని సయ్యద్ అని కూడా అంటారు. సయ్యదూ కుమ్మరీ ఒకే మనిషి! ఇక్కడ ఊహించగలమా? నమాజులో భుజం భుజం కలిపి నిలబడ్డ దూదేకుల బిడ్డ, సయ్యద్ ఇంట్లో పిల్లనడిగితే ఏం జవాబొస్తుందో మాకు తెలుసు. బుఖారాలో పీరుకి పేరైన పని మా ఊళ్లో తిట్టెట్లా అయింది? దీనికి జవాబు కితాబుల్లో దొరకదు. మన కులాల మెట్లలో వెతకాలి.

ఈ కుండల్ని మెచ్చుకునేవాళ్లు 'కాలం తాకని కళ' అంటారు. మేం ఒప్పుకోం. కాలం తాకింది, కాల్చింది కూడా. 1842లో మొదటి ఆంగ్లో అఫ్ఘాన్ యుద్ధంలో పగతీర్చుకోడానికొచ్చిన బ్రిటిష్ సైన్యం ఇస్తాలిఫ్‌ని దోచి తగలబెట్టింది. ఆ సైన్యంలో మన హిందుస్తానీ సిపాయిలూ ఉన్నారు. 1999లో తాలిబాన్ షొమాలీ మైదానంలో ఇళ్లూ తోటలూ తగలబెట్టినప్పుడు ఈ ఊరు మళ్లీ బూడిదైంది. ఒకసారి తెల్లదొరలు, ఒకసారి అల్లా పేరు చెప్పుకున్నవాళ్లు. కుమ్మరికి రెండు మంటలూ ఒకటే. 2001 తర్వాత వాళ్లు తిరిగొచ్చి మళ్లీ సారె తిప్పారు. 2006లో బ్రిటిష్ యువరాజు చార్లెస్ చొరవతో కాబూల్‌లో పుట్టిన టర్కాయిజ్ మౌంటెన్ సంస్థ ఈ పనికి ఆసరా అయింది. ఆ సాయాన్ని తక్కువచెయ్యం. కానీ ఆదుకున్న చేతి గురించి రాసేటప్పుడు, 1842లో కాల్చిన చేతి గురించి కూడా రాయాలంటున్నాం.

నోవా కోబర్న్ 2011లో తెచ్చిన 'బజార్ పాలిటిక్స్' పుస్తకం మాకు అందుకే నచ్చింది. అది కుండ అందం దగ్గర ఆగదు. కుమ్మరి, వ్యాపారి, కమాండర్ ఒకే బజారులో ఎట్లా బతుకుతున్నారో, ఎవరి మాట చెల్లుతుందో చూస్తుంది. కుండని చూడాల్సింది అట్లాగే.

2021లో తాలిబాన్ మళ్లీ గద్దెనెక్కింది. టీవీలో అఫ్ఘాన్ అనగానే తుపాకీ కనిపిస్తుంది. ఆ తుపాకీకి జవాబు చెప్పమని ఇక్కడ మమ్మల్ని నిలదీస్తారు. మేం ఆ తుపాకీ వారసులం కాదు. నవాబుల వారసులం అంతకన్నా కాదు. మాకు వారసత్వమంటూ ఉంటే అది మట్టి పిసికిన చేతులది, దూది ఏకిన చేతులది. ఆ చేతుల పేరు దాచుకున్నన్నాళ్లూ ఎవరో ఒకరు మాకు రంగు పూస్తూనే ఉంటారు.