తనిఖీ పత్రాలు – హిస్బా ధర్మం

కరాచీ నగరం బల్దియా టౌన్‌లోని అలీ ఎంటర్‌ప్రైజెస్ దుస్తుల ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో ఎస్.ఎ. 8000 ధ్రువపత్రం లభించింది. కార్మికులను న్యాయంగా, సురక్షితంగా పనిచేయించే సంస్థలకు ఇచ్చే అంతర్జాతీయ పత్రమది. సెప్టెంబరు 11న ఆ ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా మరణించారు. కిటికీలకు ఇనుప ఊచలు, తలుపులకు తాళాలు. పత్రానికీ మంటలకూ మధ్య నెల రోజుల వ్యవధి అయినా లేదు.

పత్రం ఇచ్చినది ఇటలీకి చెందిన రీనా సంస్థ. ఫ్యాక్టరీని స్వయంగా చూసివచ్చినది మాత్రం పాకిస్తాన్‌లో దాని తరఫున పనిచేసే మరో సంస్థ. సరుకులో అధికభాగం కొన్నది కిక్ అనే జర్మనీ చౌకదుస్తుల కంపెనీ. డబ్బు గుంజడానికి కొందరు కావాలనే నిప్పుపెట్టారని కరాచీ ఉగ్రవాద వ్యతిరేక న్యాయస్థానం 2020లో తేల్చి, ఇద్దరికి మరణశిక్ష విధించింది. అయితే నిప్పు ఎవరు పెట్టినా తాళాలు వేసినది వారు కారు. ఆ తాళాలు చూడవలసిన కళ్లు అంతకు కొద్ది వారాల ముందే లోపలికి వెళ్లి, సంతృప్తిగా బయటికి వచ్చాయి.

ఈ పద్ధతిని సమర్థించేవారు ఒక తనిఖీదారు మోసపోయాడని, అందుకు మొత్తం ఏర్పాటును తప్పుపట్టరాదని వాదిస్తారు. ఈ వాదం నిలవదు. సోషల్ ఆడిట్ అనే ఈ ఏర్పాటులో తనిఖీదారుకు రుసుము చెల్లించేది సాధారణంగా తనిఖీకి గురయ్యే ఫ్యాక్టరీయే. పత్రం రాకుంటే ఆర్డరు రాదు. పత్రం ఇవ్వని తనిఖీ సంస్థను యజమాని మళ్లీ పిలవడు. వచ్చే తేదీ తరచుగా ముందే తెలుస్తుంది. ఆ రోజుకు రెండో హాజరు పుస్తకం సిద్ధంగా ఉంటుంది, ఏమి చెప్పాలో కార్మికులకు నేర్పి ఉంచుతారు. ఒకటి రెండు రోజుల్లో పని ముగుస్తుంది. నివేదిక కొనుగోలుదారుకు చేరుతుంది. దానిలో ఏముందో అక్కడ కుట్టుపని చేసే స్త్రీకి ఎన్నడూ తెలియదు.

దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగి, చేయి లోపలికి పోనిచ్చి చూసిన వృత్తాంతం పాఠకులకు విదితమే. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. పైన గింజలు పొడిగా ఉన్నాయి, లోపల వేళ్లకు తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. వర్షాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. తడిని అడుగున దాచడమే నేరమైంది. హిస్బా గురించి చెప్పేటపుడు ఈ హదీసును చాలామంది ఎత్తిచూపుతారు కాని, చేయి లోపలికి పోయిందన్న సంగతిని దాటిపోతారు. సోషల్ ఆడిట్ రాశి చుట్టూ ప్రదక్షిణ చేసి వస్తుంది.

ఫుకహా ఈ విషయంలో ఎంత వివరంగా ఆలోచించారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1058లో మరణించిన అల్ మావర్దీ తన 'అల్ అహ్కామ్ అస్సుల్తానియ్యా'లో హిస్బాకు ఒక అధ్యాయమే కేటాయించాడు. స్వచ్ఛందంగా మంచిని ఆదేశించే మనిషికీ, నియమితుడైన ముహ్తసిబ్‌కూ గల భేదాలను అందులో లెక్కించాడు. నియమితుడు బైతుల్‌మాల్ నుంచి జీతం పొందవచ్చుననేది ఒక భేదం. జీతం ప్రజల ఖజానా నుంచి వస్తుంది, బజారులో తాను తూకం సరిచూసే వర్తకుని సంచి నుంచి కాదు. కూలివాని వేతనం తగ్గించినా, ఒప్పందానికి మించి పని చేయించినా యజమానిని అడ్డుకోవడం కూడా ముహ్తసిబ్ బాధ్యతలలో చేరింది.

ఇబ్నె ఖల్దూన్ 'ముఖద్దిమా'లోని మాట మరింత సూటిగా ఉంది. హమాలీలూ పడవవాళ్లూ అతిభారం మోయకుండా చూడడం, కూలడానికి సిద్ధంగా ఉన్న కట్టడాలను యజమానుల చేత పడగొట్టించడం ముహ్తసిబ్ పనులని ఆయన వ్రాశాడు. ఇందుకు ఎవరైనా ఫిర్యాదు చేసేదాకా ఆగనవసరం లేదు. 14వ శతాబ్దపు ఈ మాటను 2013 ఏప్రిల్ 23న ఢాకా సమీపంలోని సావర్‌లో పెట్టి చూడాలి. ఆ రోజు రాణా ప్లాజా భవనం గోడల్లో పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తులలోని బ్యాంకు, దుకాణాలు మూసివేశారు. పై అంతస్తుల దుస్తుల ఫ్యాక్టరీల కార్మికులను మర్నాడు పనిలోకి రమ్మన్నారు. 24న ఉదయం భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అక్కడి ఫ్యాక్టరీలలో రెండు బి.ఎస్.సి.ఐ. అనే ఐరోపా వర్తకుల పద్ధతిలో తనిఖీ అయినవే. కట్టడం పటిష్ఠత చూడడం ఆ తనిఖీ పరిధిలోకి రాదని తరువాత జవాబు వచ్చింది. నిజమే, రాదు. గోడను వదిలి గోడకు అంటించిన నోటీసును చూసే తనిఖీ అది.

ఇదంతా చెప్పి, పూర్వకాలపు హిస్బా నిష్కళంకమైనదని గర్వించడం సరికాదు. మమ్లూకుల కాలంలో కైరోలో ఈ పదవి డబ్బుకు అమ్ముడుపోయింది. అక్కడ స్వయంగా ముహ్తసిబ్‌గా పనిచేసిన చరిత్రకారుడు మఖ్రీజీ తన కాలపు కరువుల కారణాలలో లంచమిచ్చి పదవులు కొనడాన్ని ముందు పెట్టాడు. కరాచీలో, సావర్‌లో యజమానులూ ప్రభుత్వ అధికారులూ ముస్లిములే. నేరమంతా పాశ్చాత్య కొనుగోలుదారు మీదికి నెట్టి చేతులు కడుక్కునే వ్యాసాలు ఈ పదేళ్లలో కొన్ని వచ్చాయి. వాటికీ రీనా పత్రానికీ పెద్ద తేడా లేదు.

రాణా ప్లాజా తరువాత ఒక మంచి పని జరిగిందని ఒప్పుకోవాలి. 2013 మేలో ఐరోపా కంపెనీలు కార్మిక సంఘాలతో 'అకార్డ్' అనే ఒప్పందం చేసుకున్నాయి. క్రమంగా 200కు పైగా కంపెనీలు ఇందులో చేరాయి. కంపెనీ తన ఇష్టంతో ప్రకటించే నీతి నియమావళి కాదిది, చట్టరీత్యా కట్టుబడవలసిన ఒడంబడిక. తనిఖీ ఇంజనీర్లకు డబ్బు కంపెనీలు ఇచ్చాయి. నివేదికలు అందరికీ తెలిసేలా ప్రకటించారు. ప్రమాదమనిపిస్తే పని మానే హక్కు కార్మికునికి దక్కింది. మరమ్మతు చేయని ఫ్యాక్టరీతో వ్యాపారం ఆపివేయాలన్నారు. మాట తప్పారంటూ రెండు కంపెనీల మీద కార్మిక సంఘాలు 2016లో హేగ్ మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లగా రెండు వివాదాలూ రాజీతో ముగిశాయి. ఒకదానిలో 23 లక్షల డాలర్లు రాబట్టగలిగారు. ఈ పద్ధతి పాకిస్తాన్‌కు 2023లో గాని చేరలేదు. అలీ ఎంటర్‌ప్రైజెస్ కాలిపోయి అప్పటికి పదేళ్లు దాటింది.

అకార్డ్ నిప్పునూ గోడలనూ చూసింది. ధర జోలికి పెద్దగా పోలేదు. అసలు తడి అక్కడుంది. చొక్కాకు ఇంతకు మించి ఇవ్వనని పట్టుబట్టే కొనుగోలు విభాగం, కార్మికులకు మంచి జీతం ఇవ్వండని ఉత్తరాలు వ్రాసే బాధ్యతా విభాగం ఒకే కంపెనీలో పక్కపక్క గదుల్లో ఉంటాయి. రెండిటిలో యజమాని ఎవరి మాట వింటాడో వేరే చెప్పనక్కరలేదు. 2020లో కరోనా వచ్చినపుడు బంగ్లాదేశ్‌లో సుమారు 300 కోట్ల డాలర్ల ఆర్డర్లు రద్దయ్యాయి, లేదా నిలిచిపోయాయి. అందులో కుట్టి సిద్ధం చేసిన సరుకు కూడా ఉంది. బట్ట కొని, కత్తిరించి, కుట్టిన తరువాత వద్దనడం ఏ ఒప్పంద ధర్మం కిందికి వస్తుంది? ఆ దేశంలో దుస్తుల కార్మికుని కనీస వేతనాన్ని 2023 చివర 12,500 టాకాలుగా నిర్ణయించారు. కార్మికులు అడిగినది 23,000.

ఇది కరాచీకీ సావర్‌కూ పరిమితమైన సంగతి కాదు. హైదరాబాదు పక్కనే పటాన్‌చెరు ఉంది. అక్కడి మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి పోతున్న నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. మందులు ఎగుమతి చేసే ఫ్యాక్టరీలకు విదేశీ తనిఖీ అధికారులు వస్తూనే ఉంటారు. వారు చూసేది మాత్ర శుద్ధిని. వెనుక ప్రహరీ అవతల పారే కాలువ వారి పుస్తకంలో లేదు. కొనేవానికి హాని తగలకుండా చూడడమే ఇక్కడా తనిఖీ లక్ష్యం. ఆ నీటి పక్కన పొలం దున్నేవాడు కొనుగోలుదారు కాడు.

చట్టం వైపు కొంత కదలిక ఉంది. జర్మనీ సరఫరా గొలుసు చట్టం 2023 జనవరి 1న అమలులోకి వచ్చింది. ఐరోపా సమాఖ్య 2024లో తన సభ్యదేశాలన్నిటికీ వర్తించే శాసనాన్ని ఆమోదించింది. మరుసటి ఏడే దాని అమలును వెనక్కి జరిపి, పరిధిని కుదించే పనిలో పడింది. బల్దియా బాధితుల తరఫున నలుగురు కిక్ మీద డార్ట్‌మండ్‌లో వేసిన దావాను అక్కడి న్యాయస్థానం 2019లో కొట్టివేసింది. బాధ్యత ఎవరిదన్న చర్చలోకే అది పోలేదు. పాకిస్తాన్ చట్టం ప్రకారం గడువు దాటిందన్నది. పరిహారంగా కిక్ 2016లో అంగీకరించిన 51 లక్షల 50 వేల డాలర్లు అంతర్జాతీయ కార్మిక సంస్థ మధ్యవర్తిత్వంతో కుదిరిన మొత్తం, న్యాయస్థానం తీర్పు కాదు.

ముస్లిములు తాము నడిపే ముద్రల సంగతి కూడా ఇక్కడ అడగక తప్పదు. 1999లో మొదలైన డౌ జోన్స్ ఇస్లామిక్ మార్కెట్ సూచీ మద్యం, పంది మాంసం, వడ్డీ వ్యాపారం చేసే కంపెనీలను వడపోస్తుంది. అప్పు నిష్పత్తి 33 శాతం దాటరాదంటుంది. ఈ వడపోతలో కూలి నిష్పత్తి లేదు. హలాల్ ముద్ర వేసే మండళ్లు జంతువును ఎలా జిబహ్ చేశారో, కలిపిన జెలటిన్ ఎక్కడిదో శ్రద్ధగా విచారిస్తాయి. ఆ శ్రద్ధ మెచ్చుకోదగినదే. అదే కబేళాలో రాత్రి షిఫ్టువారికి ఎంత ముట్టిందో, నెత్తురు కలిసిన నీరు ఏ చెరువులోకి పోతున్నదో సాధారణంగా అడగవు. ఈ మండళ్లకు కూడా రుసుము కట్టేది ముద్ర కోరే కంపెనీలే. వాటి నియమావళులు తయారుచేసే ఉలమాలు మావర్దీ అధ్యాయాన్ని తమ విద్యార్థులకు బోధిస్తూనే ఉన్నారు. అందులో కూలివాని వేతనం, కొలతపాత్ర రెండూ ఒకే అధికారి పనిగా వస్తాయి.