గోచీగుడ్డా, డైపరా?

పాత నూలుచీర చింపి కట్టే గోచీగుడ్డ మంచిదా, కొన్న డైపర్ మంచిదా అని అత్తాకోడళ్ల మధ్య సాగే వాదంలో ఇద్దరి మాటా కొంత నిజమే. నలిగి నలిగి మెత్తబడిన నూలుగుడ్డ ఒరుసుకోదు, గాలి ఆడనిస్తుంది. కానీ తడిసిన గుడ్డ చర్మాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. డైపర్‌లోని సోడియం పాలీఅక్రిలేట్ పలుకులు మూత్రాన్ని పీల్చి జెల్‌గా మార్చేసి చర్మాన్ని పొడిగా ఉంచుతాయి. పిల్లలు గంటల తరబడి నిద్రపోయే రాత్రివేళ డైపర్‌దే పైచేయి.

చిక్కంతా ఆ పొడిదనంతోనే. గుడ్డ తడిస్తే ఎత్తుకున్నవాళ్ల చెయ్యీ తడుస్తుంది, మార్చక తప్పదు. డైపర్‌లో బిడ్డ దొడ్డికి వెళ్లినా ఒక్కోసారి చాలాసేపు తెలియదు. మలంలోని సూక్ష్మజీవుల ఎంజైము మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా విడగొడుతుంది. దాంతో, కొద్దిగా ఆమ్లగుణంతో ఉండాల్సిన చర్మం క్షారం వైపు జరుగుతుంది. అప్పుడు, తిన్నది అరిగించాల్సిన ఎంజైములే బిడ్డ చర్మాన్ని తినడం మొదలుపెడతాయి. విరేచనాలు పట్టుకుంటే ఒక్కపూటలో పిరుదులు కందిపోయేది ఇందుకే. గుడ్డయినా డైపరయినా, దొడ్డికి వెళ్లిన వెంటనే మార్చే ఇంట్లో ఈ బాధ తక్కువ. నన్నడిగితే పగలు గుడ్డ, రాత్రి డైపర్ అంటాను.

పూతల్లో మాత్రం నాకు ఏ సందిగ్ధమూ లేదు. పౌడర్ తడికి ముడతల్లో ఉండకట్టి ఒరుసుకుంటుంది, చల్లేటప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. దాన్ని మానెయ్యాలి. జింక్ ఆక్సైడ్ క్రీము మందంగా, తెల్లగా కనిపించేలా పూస్తే మలం చర్మానికి తగలదు. మళ్లీ మార్చేటప్పుడు దాన్నంతా రుద్ది తీయకూడదు. మలం అంటిన పైపొరను గోరువెచ్చని నీళ్లలో ముంచిన మెత్తని గుడ్డతో తీసి, అద్ది, కాసేపు గాలికి వదిలి, పైన మరికాస్త పూయాలి. సువాసన కలిపిన తడి వైప్స్ పుండు మీద మంట పెడతాయి.

రెండు రకాల ఎరుపును వేరుచేసి చూడటం తల్లులకు ఎవరైనా నేర్పాలి. ఒరుపు వల్ల వచ్చేది ఉబ్బెత్తు భాగాల మీదే ఉంటుంది, తొడ ముడతల లోపల చర్మం మామూలుగానే ఉంటుంది. కాండిడా అనే శిలీంధ్రం చేరితే ముడతల్లోనే ముదురు ఎరుపు, అంచు చుట్టూ విడివిడిగా చిన్న పొక్కులు. దీనికి జింక్ ఒక్కటే చాలదు. డాక్టరు చూసి క్లోట్రిమజోల్ వంటిది రాస్తారు.

మందుల షాపులో అడగగానే చేతిలో పెట్టే, మూడు మందులు కలిపిన ట్యూబుల సంగతి తలుచుకుంటే భయమేస్తుంది. వాటిలో చాలావరకు బీటామెథాసోన్, క్లోబెటసోల్ వంటి ఘాటు స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, పైన బిగించిన డైపర్ వల్ల ఆ మందు ఒంట్లోకి మరింతగా ఇంకుతుంది, చర్మం పలచబడుతుంది. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా పిల్లల డాక్టరుకే చూపించాలి.