చదివింపుల ఆట

పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాళ్ళకి చదివింపుల సంగతి నేను చెప్పక్కర్లేదు. హరిశ్చంద్రుడు కాటిసీనులో పద్యం చివర రాగం అందుకుని, దాన్ని ఇంకా పైకి తీసుకుపోతున్న సమయానికి హార్మోనియం టక్కున ఆగుతుంది. ‘‘మన ఊరి శెట్టిగారు నూట పదహారు రూపాయలు చదివిస్తున్నారహో’’ అని మైకులో ఒక కేక. ఆలిని అమ్ముకున్న మహారాజు ఏడుపు ఆపి, ఆ దిక్కుకి ఒక నమస్కారం పెట్టి, ఎక్కడ వదిలాడో అక్కడే మళ్ళీ ఏడుపు అందుకుంటాడు. జనం ఏమీ విసుక్కోరు. డబ్బిచ్చినవాడి పేరు కూడా నాటకంలో ఒక భాగమే. ఆ మాటకొస్తే శెట్టిగారి ఇల్లాలికి ఆ రాత్రి మొత్తంలో అదే రసవత్తరమైన ఘట్టం.

ఈ పద్ధతిని అచ్చుగుద్దినట్టు ఒక అమెరికా వీడియో గేమ్‌లో చూసి ముక్కున వేలేసుకున్నాను. దాని పేరు ‘థింబుల్‌వీడ్ పార్క్’. 2017లో వచ్చింది. అందులో ఒక టెలిఫోన్ డైరెక్టరీ ఉంది. తెరిస్తే పేజీలకు పేజీలు పేర్లే. ఏదో ఒక నెంబరు తిప్పామా, అవతల ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఆన్సరింగ్ మెషీన్‌లో నాలుగు మాటలు మాట్లాడతారు. వాళ్ళు నటులు కారు. ఆట తయారవకముందే డబ్బు పంపిన అభిమానులు. పేర్లూ వాళ్ళవే, గొంతులూ వాళ్ళవే. ఆటలో ఒక పాడుపడ్డ బంగళా, అందులో ఒక లైబ్రరీ. అక్కడి పుస్తకాల్లో రాతలు కూడా వాళ్ళు రాసి పంపినవే. శెట్టిగారి నూట పదహార్లకీ దీనికీ తేడా ఏవిటో మీరే చెప్పండి.

వీడియో గేమ్ అనగానే మనకి గుర్తొచ్చేది పిల్లలు భోజనానికి పిలిచినా పలక్కుండా తుపాకులు పేల్చుకునే వ్యవహారం. ఇది ఆ జాతి కాదు. అడ్వెంచర్ గేమ్ అంటారు. ఇందులో పరుగులుండవు, పేల్చడాలుండవు. ఒక కథ ఉంటుంది. కథలోని మనిషిని మనం నడిపించాలి. దారిలో దొరికిన తాడు ముక్కా, తాళం చెవీ, పగిలిన సీసా అన్నీ మూటగట్టుకోవాలి. ఏ వస్తువు ఎక్కడ పనికొస్తుందో ఆలోచించి వాడితేనే కథ ముందుకు కదులుతుంది. పొడుపుకథలన్నీ గుచ్చి ఒక పెద్ద కథ చేశారనుకోండి, అదన్నమాట. ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అని ఖాళీ డబ్బాలూ దారపు ఉండలూ దాచిపెట్టే అలవాటున్న మనలాంటి వాళ్ళకి ఈ ఆట కొట్టినపిండి కావాలి న్యాయంగా.

నిజానికి దీని పుట్టుకలో ఇంటివాసన ఉంది. 1970ల నడుమ విల్ క్రౌథర్ అనే కంప్యూటర్ ఇంజనీరు భార్యతో విడిపోయాక, దూరమైన కూతుళ్ళకి సరదాగా ఉంటుందని గుహల్లో తిరిగే ఆటొకటి రాశాడు. బొమ్మల్లేవు, వట్టి మాటలే. 1980లో దానికి బొమ్మలు తొడిగింది రాబర్టా విలియమ్స్ అనే గృహిణి. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. వంటింటి బల్ల మీద కథ గీసుకుంది. భర్త కంప్యూటరుకి ఎక్కించాడు. ఆ ‘మిస్టరీ హౌస్’ నుంచే బొమ్మల అడ్వెంచర్ ఆటలు మొదలయ్యాయి. వంటింట్లోంచి ఏ గొప్ప పనీ పుట్టదనేవాళ్ళకి ఈసారి ఈ సంగతి చెప్పండి.

ఒక పదిహేనేళ్ళు ఆ ఆటలు వెలిగాయి. తరవాత తుపాకుల ఆటలు వచ్చిపడ్డాయి. 1990లు ముగిసేసరికి పెద్ద కంపెనీలు ‘ఇంకెవరు కొంటారండీ ఇవి’ అని వీటిని అటకెక్కించాయి. అటకెక్కిన దాన్ని కిందికి దింపింది అభిమానుల చందా. 2012 ఫిబ్రవరిలో టిమ్ షేఫర్ అనే పాతకాపు ‘పాతకాలపు ఆట ఒకటి చేస్తాను, నాలుగు లక్షల డాలర్లు పోగుచెయ్యండి’ అని కిక్‌స్టార్టర్ అనే సంస్థ ద్వారా జోలె పట్టాడు. ఒక్క రోజులో పది లక్షలు దాటింది. నెల తిరిగేసరికి 87 వేల మంది కలిసి 33 లక్షల డాలర్ల పైచిలుకు ఇచ్చారు. రెండేళ్ళకి రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ అనే మరో ఇద్దరు పాతవాళ్ళు 3 లక్షల 75 వేలు అడిగితే 6 లక్షల 26 వేలు వచ్చాయి. అదే మన థింబుల్‌వీడ్ పార్క్.

ఇందులో పద్ధతి కూడా మనకి కొత్తది కాదు. అడిగినంతా పోగైతేనే డబ్బు తీసుకుంటారు. లేకపోతే ఎవరి డబ్బు వాళ్ళ దగ్గరే. పని జరిగితేనే చెల్లించే మొక్కులాంటిది. లాభంలో వాటా ఉండదు. అయిన తరవాత ఒక ఆట చేతికొస్తుంది, ప్రసాదంలాగా. మన దేశంలో 1976లో గుజరాత్ పాలరైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలేసి శ్యామ్ బెనెగళ్ ‘మంథన్’ తీయించారు. తెలుగులో 2018లో వచ్చిన ‘మను’ సినిమా వంద మందికి పైగా ప్రేక్షకులు తలా కొంత వేసుకుంటే తయారైందే.

సరే, చందా ఇవ్వడం మంచిదే. ఇచ్చిన చందాకి వచ్చిన సరుకెలా ఉంది? అది కదా మనం చూడవలసింది.

షేఫర్‌గారి ఆట పేరు ‘బ్రోకెన్ ఏజ్’. అందులో రెండు కథలు. ఒకటి వెల్లా అనే పిల్లది. ఆ ఊరివాళ్ళు ఒకప్పుడు యోధులు. ఇప్పుడు కేకులు చేసుకుని బతుకుతున్నారు. కొన్నేళ్ళకోసారి ఒక రాక్షసి వస్తుంది. ఊళ్ళో ఆడపిల్లల్ని కేకుల్లా ముస్తాబు చేసి దానికి అర్పిస్తారు. మన బకాసురుడి కథే అనుకోండి. కాకపోతే ఏకచక్రపురంలో వంతు వచ్చిన ఇంట్లో ఏడుపులు. ఇక్కడ మా అమ్మాయి ఎంపికైందని ఇల్లంతా సంబరం. వెల్లా ఒక్కతే అడుగుతుంది: ఎదురు తిరిగితే ఏవవుతుందీ? రెండోది షే అనే పిల్లాడు. అంతరిక్షంలో ఓడ, అమ్మలా మాట్లాడే కంప్యూటరు. అది వాడి కాలు కందనివ్వదు. వాడి సాహసాలన్నీ ఐస్‌క్రీమ్ కుప్పలోంచి బొమ్మల్ని రక్షించడం దగ్గరే ఆగిపోతాయి. ముద్దు పేరుతో ముస్తాబు చేసి బలిపెట్టే ఊరూ, ముద్దు పేరుతో ఎదగనివ్వని తల్లీ! ఇంతకన్నా మన ఇళ్ళకి దగ్గరైన కథేముంటుంది? కొడుకుల తల్లులూ కూతుళ్ళ తల్లులూ ఇద్దరూ చూడవలసిన కథ.

అయితే అడిగినదానికి ఎనిమిది రెట్లు డబ్బు వచ్చిందే, అదే కొంప ముంచింది. పదిమందికి వండాల్సిన చోట ఎనభైమందికి ఎసరు పెట్టినట్టు ఆట పెరిగింది. 2013కల్లా డబ్బు చాలలేదు. 2014 జనవరిలో సగం వడ్డించి, మిగతా సగం 2015 ఏప్రిల్‌లో పెట్టారు. మొదటి సగం చూసి పాత అభిమానులు ‘పొడుపుకథలు మరీ తేలిక, మా కాలంలో ఇలా ఉండేవా’ అన్నారు. రెండో సగంలో పొడుపులు కష్టమయ్యాయి. కథ మాత్రం చిక్కిపోయింది. వెల్లా ఓడలోకీ షే ఊళ్ళోకీ మారతారు గానీ, మనం చూసేవి మళ్ళీ ఆ చోట్లే. రాక్షసిని ఎదిరించిన పిల్లదాని చేత తీగల చిక్కులు విప్పించి ఊరుకున్నారు. నా లెక్కలో మొదటి సగం మంచి కథ. రెండో సగం ఫిర్యాదుకి జవాబు.

థింబుల్‌వీడ్ పార్క్ వాళ్ళు ఈ విషయంలో గడుసువాళ్ళు. తేలికా కష్టమా అని గుమ్మంలోనే అడిగేస్తారు. ఎవరికి కావలసిన కారం వాళ్ళకి. బొమ్మలు 1987 నాటి వాళ్ళ ‘మేనియాక్ మాన్షన్’లోలాగే చదరాలు చదరాలుగా, ముతకనేతలా ఉంటాయి. తెర అడుగున ‘తెరువు, మూయి, ఇవ్వు, లాగు’ లాంటి తొమ్మిది క్రియలు పలకమీద రాసినట్టు. కథలో ఒక వంతెన కింద శవం. విచారించడానికి ఇద్దరు ఏజెంట్లు. వీళ్ళతోపాటు డెలోరిస్ అనే అమ్మాయి. వాళ్ళ పెదనాన్నో చిన్నాన్నో గానీ దిళ్ళ ఫ్యాక్టరీ చూసుకోమంటాడు. నేను కంప్యూటర్ ఆటలు చేస్తానంటుంది ఆ పిల్ల. ఆస్తి లేదు పొమ్మంటాడు. ఆమె తండ్రి చచ్చి దెయ్యమై హోటల్లో తిరుగుతుంటాడు. కూతురితో ఒక్క మాట చెప్పాలని తపన. ఆ పిల్లకి వినపడదు. నవ్వించే ఆటలో ఈ తండ్రీ కూతుళ్ళ ముక్క దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

ఇక రాన్సమ్ అనే విదూషకుడు. జనాన్ని తిట్టి నవ్వించి బతికినవాడు. ఒక ముసలామెను శృతిమించి తిట్టి శాపం తిన్నాడు. మొహాన రంగు ఇక జన్మలో ఊడదు. వాడి నోట బూతు వచ్చినప్పుడల్లా ‘బీప్’ అని చప్పుడు. వాణ్ణి చూస్తే మన తోలుబొమ్మలాటలో కేతిగాడు గుర్తొచ్చాడు. ఆ చప్పుడొక్కటే తేడా. కేతిగాడికి అడ్డమెవరు!

ఇంత బాగున్న ఆటలో నాకు నచ్చనిది చివర. తెలుసుకోవద్దనుకునేవాళ్ళు ఈ పేరా దాటెయ్యండి. హత్య ఎవరు చేశారన్నది నడిమధ్యలోనే ఎవరికీ పట్టని సంగతైపోతుంది. ఆఖరికి పాత్రలన్నిటికీ తామంతా ఒక వీడియో గేమ్‌లో బొమ్మలమని తెలుస్తుంది. ఆట తిరిగి తిరిగి తన కథే తాను చెప్పుకుంటుంది. శవం ఎవరిదో, ఎవరు ఏడవాలో ఎవరూ అడగరు. చతురంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ పాత ఆటల మీద మమకారంతో ఇచ్చిన డబ్బు, చివరికి పాత ఆటల మీద మమకారం దగ్గరికే చేరింది. అద్దం కొనుక్కుని అద్దంలో అద్దాన్ని చూసుకున్నట్టు.

దీనికి పక్కన మన అనంతపురం కరువు చందాని పెట్టి చూడండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కళ్ళజూసే నేల ఇది. వేరుశెనగ విత్తి ఆకాశంకేసి చూస్తూ కూర్చునే ఊళ్ళు. వాన మొహం చాటేసినప్పుడు ఊరంతా చందాలేసుకుని విరాటపర్వం చదివించడం, తోలుబొమ్మలాట ఆడించడం పాతకాలం నమ్మకం. ఆ పర్వమే ఎందుకంటే, ధర్మరాజు ఎక్కడ దాగున్నా ఆ దేశంలో వానలు కురిసి పంటలు పండుతాయని భీష్ముడు అందులోనే చెబుతాడు. శెట్టిగారు చదివించిందీ చదివింపే, ఊరు విరాటపర్వం చదివించిందీ చదివింపే. మాట ఒకటే, మనసు వేరు. మొదటిది తన పేరు వినడానికి. రెండోది ఊరికి వాన రావడానికి. వాన వచ్చిందా లేదా అన్నది వేరే సంగతి. ఆ రాత్రి తెరముందు కూర్చున్న ప్రతి మనిషికీ ఆటకి అవతల ఒక కోరిక ఉంది. అందుకే తెల్లవార్లూ కూర్చోగలిగారు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ తోలుబొమ్మల కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2022 దాకా అనంతపురం జిల్లాలోనిదే ఆ ఊరు, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. మేకతోలు పలచగా గీరి, బొమ్మ కోసి, రంగులద్ది, వెలుగు దూరడానికి చిల్లులు కొడతారు. మగవాళ్ళతో సమానంగా ఆడవాళ్ళూ పాడతారు, ఆడిస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఆడించమని పిలిచే ఊళ్ళు తగ్గిపోయాయి. అదే తోలుతో ఇప్పుడు లాంపుషేడ్లు చేసి అమ్ముతున్నారు. సీతమ్మవారి మీద పడాల్సిన దీపం నగరంలో ఎవరి సోఫా పక్కనో వెలుగుతోంది. కడుపు నిండాలి కాబట్టి తప్పు పట్టడానికి లేదు. ఇల్లు అలంకరించుకునేది మనమే కదా!

దూరదేశంలో వేలమంది తమ చిన్ననాటి ఆట కోసం చందా వేసుకోగా లేనిది, మనం ఒక రాత్రి బొమ్మలాట కోసం వీధికింత వేసుకోలేమా? వేసుకోగలం. కానీ ఆ రెండు ఆటల్లోంచి ఒక బుద్ధి నేర్చుకుని మరీ వెయ్యాలి. ‘మా తాతగారి కాలంలో ఎలా ఆడారో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఆడండి’ అనకూడదు. అసలు తాతగారి కాలంలో కూడా అలా ఆడలేదు. రాముడూ భీముడూ మారరు, నిజమే. కేతిగాడూ, జుట్టుపోలిగాడూ, బంగారక్కా మాత్రం ఆనాటి ఊరి సంగతులే మాట్లాడేవారు. పాత కథని బతికించింది వాళ్ళ కొత్త నోరు. కాబట్టి చందా ఇచ్చేటప్పుడు అడగవలసిందొకటే. బంగారక్క ఈసారి ఎండిపోయిన బోర్ల గురించి మాట్లాడాలి. బెంగుళూరుకి వలసపోయిన కొడుకు గురించి, బిందెల వరసలో మన పోట్లాటల గురించి మాట్లాడాలి. మిగతాది వాళ్ళకే వదిలెయ్యాలి. దారాలు మన చేతికి రావాలనుకుంటే రెండో సగం పాడైపోతుంది.

అప్పుడు మైకులో మన పేరు చదవకపోయినా ఫరవాలేదు. బంగారక్క ఎలాగూ మనల్నే తిడుతుంది.