ఉన్నత పాఠశాలలలో దేశాంతర విద్య

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రజాధనముతో నడచు ఉన్నత పాఠశాలలు కొన్నింట అంతర్జాతీయ విద్యాశాఖలు వెలసియున్నవి. అన్యదేశముల భాషలు, చరిత్రము, ఆర్థిక విషయములు అందు బోధింపబడుచున్నవి. కూపమండూకత్వమును బాపు విద్య యేదైనను మాకు సమ్మతమే. కాని యొక విద్య యెందులకు పుట్టినదో విచారింపక మెచ్చుట విమర్శధర్మము గాదు.

1957వ సంవత్సరమున రష్యనులు స్పుట్నికును గగనమునకు బంపిరి. మఱుసటి యేట అమెరికా ప్రభుత్వము జాతీయరక్షణ విద్యాశాసనము గావించి, గణిత విజ్ఞానశాస్త్రములతోబాటు అన్యభాషాబోధనకును ద్రవ్యసాహాయ్య మొసంగెను. శాసనము పేరులోనే దాని హృదయము తేటపడుచున్నది. భయముచే నేర్చిన భాష భయము తీఱినంతనే మూలబడును. 1979లో అధ్యక్షుడు కార్టరు నియమించిన సంఘము, అన్యభాషాజ్ఞానమున తమ దేశము సిగ్గుపడవలసిన స్థితిలో నున్నదని నివేదించుటయే యిందులకు సాక్ష్యము.

1968లో జెనీవాయందు స్థాపితమైన ఇంటర్నేషనల్ బకలారియేటు వారి ప్రణాళిక యింతకంటె నుదారమైనది. అమెరికాలో పెక్కు ప్రభుత్వ పాఠశాలలు దీని నవలంబించినవి. 6 వర్గముల పాఠ్యవిషయములు, జ్ఞానస్వరూప విచారము, 4,000 మాటలకు మించని స్వతంత్ర వ్యాసము, సేవాకార్యము మున్నగునవి యిందలి యంగములు. ఎఱిగితి ననుకొన్నదానిని ఎట్లెఱిగితివని బాలుని బ్రశ్నించుట మాకు మిక్కిలి నచ్చినది. వల్లించి యొప్పగించుటయే చదువని తలచు మనవారికి ఇది మేలుకొలుపు.

అయినను దోషములు లేకపోలేదు. పాఠశాలలో కొందఱు మాత్రమే యీ శాఖలో జేరుచోట, ఒక కప్పు క్రిందనే రెండు పాఠశాలలు ఏర్పడును. ఒక గదిలో ప్రపంచమైత్రిని గూర్చి చర్చ జరుగును; ప్రక్కగది బాలునితో పరిచయమే యుండదు. దూరదేశస్థుని సోదరు డనుట సులభము. ఎదుటి బల్లపై కూర్చున్నవాని ననుటయే కష్టము.

మఱియు, వలసవచ్చిన కుటుంబముల బిడ్డలు ఇంటినుండియే యొక భాషను వెంటదెచ్చుచున్నారు. వారిలో తెలుగుబిడ్డలును గలరు. పాఠశాల స్పానిషు, ఫ్రెంచి నేర్పుటకు శ్రమపడుచు చేతిలోని యీ ధనమును గమనింపకున్న, అది దీపము క్రింది చీకటియే. 2011లో కాలిఫోర్నియా రాష్ట్రము ద్విభాషా ప్రావీణ్యము గలవారి పట్టముపై ముద్ర వేయుటకు శాసనము చేసి, ఇంటిభాషకును గౌరవద్వారము తెఱచినది. ఇది మెచ్చదగిన మార్గము. కాని తల్లిదండ్రులు బిడ్డలతో ఇంట ఆంగ్లముననే మాటాడిన, ముద్రింపదగిన దేమి మిగులును?

పాఠ్యపట్టికలో దేశముల పేర్లు పెంచినంతమాత్రమున విద్య అంతర్జాతీయము గాదు. అది కొందఱికి గాక తరగతి యంతటికి జెందవలెను; ప్రక్కవాని భాషకు మర్యాద నేర్పవలెను. ఈ రెండును లేని శాఖ యెంత ఘనమైన పేరు దాల్చినను, మా దృష్టిలో నలంకారమాత్రమే.