మొక్కై వంగనిది: మన కథల్లో లేని మధ్య అధ్యాయం

“మొక్కై వంగనిది మానై వంగునా” అన్న సామెతను మన కథకులు ప్రశ్నించకుండానే వాడుకుంటున్నారు. గంజాయి మీద ఈ మధ్య నేను చదివిన కథల్లో చాలావాటికి ఇదే ఎముకల గూడు. చిన్నప్పుడు తోటిపిల్లల్ని కొట్టినవాడు పదహారేళ్లకు మత్తులో పడతాడు, పద్దెనిమిదేళ్లకు కత్తి పడతాడు. తల్లి ఏడుస్తుంది, కథ ముగుస్తుంది. ఈ కథలు అబద్ధమని నేననను. మొదలూ చివరా నిజమే కావచ్చు. మధ్యలో వుండవలసిన పదేళ్లు మాత్రం లేవు. కారణాలన్నీ ఆ పదేళ్లలోనే వున్నాయి కనుక, అవి లేని కథ వాస్తవికత పేరుతో తలరాతను బోధిస్తుంది.

ఈ లోపం ఇవాళ్టిది కాదు. మన సాహిత్యంలో అల్లరి పిల్లవాడికి తిరుగులేని ప్రతినిధి ముళ్ళపూడి వెంకటరమణ 1950లలో సృష్టించిన బుడుగు. ప్రైవేటు మాస్టర్లను అదరగొట్టినా, పెద్దల్ని ఎదిరించినా మనం నవ్వుకుంటాం. వెనక బామ్మ వుంది, ఇల్లుంది, రేపటి అన్నం వుంది. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’లో సుందరం ఎదుగుదలను కాలంతో ముడిపెట్టి చూపాడు. అయితే సుందరం మధ్యతరగతి పిల్లవాడు, నెమ్మదస్తుడు. ఇక రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో మద్యనిషేధ కాలపు సారా ఎవరి జేబు నింపుతుందో, ఎవర్ని బోనెక్కిస్తుందో చూపాడు. ఆ బోనెక్కినవాళ్లు మనకు కనపడేసరికే పెద్దవాళ్లు. ఒకరు బాల్యం రాశారు, మరొకరు బోను రాశారు. బడి నుంచి బోనుదాకా నడిచే పిల్లవాడు ఇద్దరి మధ్యా జారిపోయాడు.

మా కీసర ప్రాంతంలో ఈ మాటకు మరింత బరువుంది. ఇంటి పిల్లవాడు జామకాయలు కోస్తే అల్లరి, కూలివాడి కొడుకు కోస్తే దొంగతనం. ఈ రెండు పేర్ల మధ్య దూరం ఎంతటిదో పక్కనున్న కంచికచర్లకు 1968లోనే తెలుసు. దొంగతనం నెపం మీద దళిత యువకుడు కోటేశును అక్కడ సజీవంగా తగలబెట్టారు. అదే కంచికచర్ల కవి కలేకూరి ప్రసాద్ ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ కవితలో ఆ పేరును నిలబెట్టాడు. కులమూ వర్గమూ వేసే ముద్రను పక్కనపెట్టి పిల్లవాడి “నేరస్వభావం” గురించి రాసే కథకుడు, తెలిసో తెలియకో, ముద్ర వేసేవాళ్ల పక్షాన నిలబడతాడు.

శాస్త్రం ఏమంటుంది? మాంట్రియల్ పేటల్లో వెయ్యిమందికి పైగా మగపిల్లల్ని రిచర్డ్ ట్రెంబ్లే బృందం 1984 నుంచి ఏళ్ల తరబడి గమనించింది. కొట్టడం, తన్నడం చిన్నవయసులోనే ఎక్కువగా వుండి, చాలామందిలో వయసుతోపాటు తగ్గింది. తగ్గనివాళ్లు నూటికి నలుగురైదుగురు. చిన్ననాటి దూకుడుకూ తరువాతి నేరానికీ మత్తుకూ సంబంధం వుంది, నిజమే. అది ముందే రాసిపెట్టిన రాత మాత్రం కాదు. ఇంట్లో దెబ్బలు, బడిలో వెనకబాటు, తోటిపిల్లల వెలి, అలా వెలిపడ్డవాళ్లే ఒకచోట చేరడం: ఇవి దాన్ని మోసుకెళ్లే మెట్లు. మెట్టు మారిస్తే దారీ మారుతుంది. బాల్టిమోర్‌లో 1985లో ఒకటో తరగతి పిల్లల్ని జట్లు చేసి, నియమం పాటించిన జట్టుకు బహుమతినిచ్చే ఆట ఆడించారు. ఆ ఆట ఆడిన పిల్లల్లో బాగా దూకుడుగా వుండిన మగపిల్లలు ఇరవై ఏళ్ల ప్రాయానికి వచ్చేసరికి, ఆట ఆడని అలాంటి పిల్లలకన్నా తక్కువగా మత్తుకు లోనయ్యారు. మొక్కను వంచలేదు, నేల మార్చారు. కొట్టి దారిలో పెట్టాలనే పెద్దరికాన్ని ‘బిడ్డల శిక్షణ’లో చలం ఎందుకు ఎదిరించాడో ఇక్కడ మళ్లీ అర్థమవుతుంది.

ఆ మధ్య అధ్యాయానికి సరుకు మా కళ్లముందే వుంది. కీసర దగ్గర మున్నేరు దాటే విజయవాడ–హైదరాబాదు రహదారి, టోల్‌గేటు, లారీలు ఆగే చోట్లు. మిరపకోతల్లో బడి మానిన పిల్లవాడు, చివరి బెంచీ, తండ్రి తాగుడు, విజయవాడ ఆటోనగర్ షెడ్డులో పని, అక్కడ మొదటి బీడీ. మత్తంటే గంజాయి ఒక్కటే కాదు. 2019లో వెలువడిన ఎయిమ్స్ దేశవ్యాప్త నివేదిక ప్రకారం, వైట్‌నరు, జిగురు వంటి పీల్చే మత్తులు మాత్రమే పెద్దల్లో కన్నా పిల్లల్లో ఎక్కువ: పెద్దల్లో 0.58 శాతం, పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో 1.17 శాతం. ఎంతో చవకగా, ఏ దుకాణంలోనైనా దొరికే మత్తు అది. ఆకలికీ దానికీ వున్న చుట్టరికాన్ని ఎంతమంది కథకులు చూశారు?

వ్యక్తి బాధ్యత ఏమైనట్టు అని కొందరు అడుగుతారు. బాధ్యతను కొట్టివేయమని నేననడం లేదు, పంచమంటున్నాను. 1986 చట్టంలో వున్న “బాల నేరస్థుడు” అనే మాటను 2000 నాటి బాలల న్యాయ చట్టం వదిలి, “చట్టంతో ఘర్షణ పడిన” బాలుడు అంది. పిల్లలకు మత్తు అందించినవాడికి 2015 చట్టం ఏడేళ్లదాకా కఠిన కారాగారం విధించింది. చట్టం ఆపాటి మాట మార్చుకున్నాక అభ్యుదయ కథకుడు ఇంకా “పుట్టుకతోనే రౌడీ” అని రాయడం సిగ్గుచేటు.

యువ రచయితలకు నా సూచన ఒక్కటే. శవంతోనో బేడీలతోనో కథ మొదలుపెట్టకండి. హాజరుపట్టీలో ఒక పేరు ఏ నెలలో కొట్టివేయబడిందో అక్కడ మొదలుపెట్టండి. ఆ పేరు కొట్టిన రోజున ఎవరెవరు ఏం చేశారో, ఏం చేయలేదో రాయండి.